బోటు కట్టడానికి రింగు అడిగితే ఏడాదిగా జవాబు లేదు
తీరప్రాంత మత్స్యశాఖ, రేవుల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పాతికేళ్లుగా సముద్రం మీద వేటకెళ్తున్నవాణ్ణి. నాకు 29 అడుగుల ఫైబర్ బోటు ఒకటి ఉంది. దానికి వెనక 9.9 హార్స్‌పవర్ ఇంజిన్. నాతో కలిపి అయిదుగురం దాని మీద బతుకుతున్నాం. మా రేవు పేరు గానీ, మా అర్జీలు తీసుకున్న ఆఫీసు పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. ఎవరో ఒక్కరిని నిలదీయడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా చిన్న బోటు నడిపే ఏ సరంగును కదిపినా ఇలాంటి మాటే ఒకటి చెబుతాడు.

మీ శాఖ మాకు ఏమీ చేయలేదని అనను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి భృతి ఇస్తున్నారు. డీజిల్ మీద రాయితీ ఉంది. తుఫాను కబురు ఫోనుకే వస్తోంది. బోటు ఎక్కడుందో ఒడ్డుకి తెలిపే ఇస్రో ట్రాన్స్‌పాండర్లు కూడా బిగిస్తున్నారు. అన్నీ పనికొచ్చేవే. అయితే ఒడ్డుకొచ్చిన బోటును దేనికి కట్టాలి? నడి సముద్రంలో ఇంజిన్ ఆగిపోతే దాన్ని ఏ తాడుతో, ఎక్కడ కట్టి లాక్కురావాలి? ఈ రెండూ మాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

గత ఏడాది జులైలో ఒకటి, నవంబరులో ఒకటి, ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒకటి, మూడు అర్జీలు ఇచ్చాం. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి పై ఆఫీసుకి పంపామన్నారు. మూడోది తీసుకున్నాయన నిలబడే చదివి, "తాళ్ల గురించి కూడా అర్జీ ఏంటయ్యా?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, తాడు అంటే ఏంటో ఆయన చూసి ఉండరు. అందుకే మేం చూసింది చూసినట్టు ఇక్కడ రాస్తున్నాను.

1. రెండేళ్ల కిందట సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, మొగకి (ఏరు సముద్రంలో కలిసే చోటికి) రెండు మైళ్ల దూరంలో మా ఇంజిన్ ఆగిపోయింది. పక్క ఊరి బోటు మమ్మల్ని చూసి వచ్చింది. ఆ సరంగు మంచి మనిషి, తన వేట వదులుకుని మరీ వచ్చాడు. తాడు మా వైపు అణియానికి, అంటే బోటు ముందు భాగానికి, కట్టుకున్నాం. ఆయన తన బోటు అమరంలో, అంటే వెనక భాగంలో, ఉన్న ఇనప కొక్కేనికి తగిలించాడు. ఆ కొక్కెం ఫైబర్‌కి రెండు స్క్రూలతో బిగించి ఉంది. లోపలి వైపు ప్లేటు లేదు, చెక్క దన్ను లేదు. తాడు చూస్తే పది బారలు కూడా లేదు (బార అంటే రెండు చేతులూ చాపినంత పొడుగు).

మొగ దగ్గర కెరటాలు లేస్తున్నాయి. ముందు బోటు కెరటం దిగి పరుగెడుతుంటే, వెనక మేం ఇంకో కెరటం ఎక్కలేక ఆగిపోతున్నాం. తాడు ఒకసారి వదులై నీళ్లలో మునిగేది, మరుక్షణం నీళ్లు చిమ్ముతూ తీగలా బిగిసేది. అలా నాలుగోసారో అయిదోసారో టప్పుమంది. నైలాన్ తాడు కదా, సాగినంతా సాగి ఉండేలు రబ్బరులా వెనక్కి కొట్టింది, కొక్కెంతో సహా. మా మేనల్లుడు అణియంలో నిలబడి తాడునే చూస్తున్నాడు. వాడికి పందొమ్మిదేళ్లు. కొక్కెం కుడి కంటి దగ్గర తగిలింది. ఆ కంటితో వాడికి ఇప్పుడు చూపు లేదు.

ఇందులో సముద్రం తప్పు ఏమీ లేదు. మేం చేసిన తప్పులు ఒక్కొక్కటీ ఇప్పుడు చెప్పగలను. తాడు పొట్టిది. రెండు బోట్లూ ఒకేసారి కెరటం ఎక్కి, ఒకేసారి దిగేటంత పొడుగు తాడు వదలాలి. అప్పుడే ఆ ఈడ్పు తగ్గుతుంది. కొక్కేనికి లోపల ప్లేటు వేసి బోల్టులు బిగించి ఉండాలి. లేదంటే లాగే బోటుకి రెండు పక్కలా గట్టి చోట్లు చూసి తాడును పంగలా కట్టి, మధ్యలోంచి లాగాలి. బరువు రెండు వైపులకీ పంచుకుంటుంది. లాగించుకునే బోటులో అణియం దగ్గర పిట్ట కూడా ఉండకూడదు. అందరూ వెనక్కెళ్లి కింద కూర్చుంటే ముక్కు లేచి బోటు తిన్నగా వస్తుంది. రెండు బోట్లలోనూ చేతికందేలా కత్తి ఉండాలి, ఎందుకంటే తాడు పక్కకి తిరిగి లాగిందంటే లాగే బోటునే బోర్లా పడేస్తుంది. అన్నిటికంటే ముందు, అంత స్పీడు వద్దు.

ఇవన్నీ నాకు ఎవరు చెప్పారనుకున్నారు? ఆసుపత్రి వరండాలో మా పక్కన పడుకున్న ఒక పెద్దాయన. ఓడల్లో కలాసీగా చేసి రిటైరయ్యాడు. మా మేనల్లుడి కన్ను పోయాక తెలుసుకున్న పాఠం అది.

2. మా జెట్టీకి ఏడు ఇనప రింగులు వేశారు. ఇప్పుడు నిలిచినవి మూడు. బోట్లేమో నలభైకి పైనే. ఒక్కో రింగుకి పన్నెండుకి పైనే తాళ్లు పడుతున్నాయి. తుప్పు తిని రింగు కాడ నా చిటికెన వేలంత అయింది. గత ఏడాది జూన్ చివర్లో గాలి విసిరిన రాత్రి ఒక రింగు సిమెంటు పెళ్లతో సహా ఊడి వచ్చింది. ఎనిమిది బోట్లు ఒకదాని తాళ్లలో ఒకటి చిక్కుకుని గుంపుగా కొట్టుకుపోయాయి. రెండు బోట్లు రాళ్ల మీద పగిలాయి. మా మొదటి అర్జీ దీని గురించే.

ఉన్న రింగులు కూడా పైన ఒకే ఎత్తులో ఉన్నాయి. అమావాస్యకీ పున్నానికీ మా దగ్గర పోటుకీ (నీళ్లు ఎక్కినప్పుడు) పాటుకీ (నీళ్లు తీసినప్పుడు) మధ్య నాలుగైదు అడుగుల తేడా వస్తుంది. పోటు మీద బిగించి కట్టి ఇంటికెళ్తే, పాటుకి బోటు ఆ తాడు మీద వేలాడుతుంది. పోనీ అని వదులుగా కడితే పాటులో జెట్టీ కిందికి దూరి, మళ్లీ నీళ్లు లేచేటప్పుడు పైన దూలానికి తగులుకుని మునిగిపోతుంది. నా బోటు మొదటి రకం. అణియం పైకి వేలాడి, అమరం నీళ్లలోకి దిగి, ఇంజిన్ రాత్రంతా ఉప్పునీళ్లలో నానింది. లక్షా ఇరవై వేలు పెట్టి కొన్న ఇంజిన్ అది. బీమా అడిగితే సరిగ్గా కట్టుకోకపోవడం మీ నిర్లక్ష్యమే అన్నారు. సరిగ్గా కట్టడానికి అక్కడ ఏముందో వచ్చి చూసినవాళ్లు లేరు.

ఇంకో మాట చెప్పాలి, ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఈ తాళ్ల కాపలా మా పిల్లలే కాస్తున్నారు. మగాళ్లం తెల్లవారుజామున వేటకెళ్లాలి కాబట్టి, నిద్ర పిల్లల వంతు పోతోంది. తొమ్మిదో తరగతి చదివే కుర్రాడు రాత్రి రెండింటికి లేచి, టార్చి లైటు వేసుకుని జెట్టీకెళ్లి తాడు రెండు బారలు వదిలి వస్తాడు. పొద్దున్న బళ్లో బెంచీ మీద తల వాల్చి నిద్రపోతాడు. వాళ్ల మాస్టారు మమ్మల్ని పిలిచి అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

3. లంగరు సంగతి. మా దగ్గర అందరికీ ఉన్నది కమ్మరి చేసిచ్చిన నాలుగు కొక్కేల లంగరు. రాతి నేల మీద అది బాగానే పట్టుకుంటుంది. బురద నేల మీద దువ్వెనలా జారుకుంటూ పోతుంది. బురదకి వెడల్పాటి రెక్కలున్న లంగరు కావాలి. లంగరుకీ తాడుకీ మధ్య కనీసం రెండు బారల గొలుసు ఉండాలి. ఆ బరువుకి లాగుడు నేల వెంబడి అడ్డంగా వస్తుంది, కొక్కెం నేలలోకి దిగుతుంది. గొలుసు లేకపోతే కెరటం లేచినప్పుడల్లా లంగరును పైకి పెకలిస్తుంది. మా రేవులో గొలుసున్న లంగర్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

తాడు లెక్క ఇంకా అన్యాయం. నాలుగు బారల నీళ్లలో లంగరు వేశామనుకోండి. పోటుకి ఇంకో బార లేస్తుంది. నీటి మీద నుంచి అణియం ఎత్తు ఇంకో అర బార. మొత్తం అయిదున్నర. దానికి అయిదింతలు తాడు వదలాలి, గాలి ఉంటే ఏడింతలు. అంటే 27 నుంచి 38 బారలు. మేం మోసుకెళ్లేది పన్నెండు బారలు. అది కూడా నీళ్ల మీద తేలే చవక ప్లాస్టిక్ తాడు. రెండు ఎండాకాలాలు పోయేసరికి పట్టుకుంటే చేతికి పొడి రాలుతుంది. ఆ తేలే తాడే నీళ్లలో తిరిగే ఇంజిన్ ఫ్యాన్‌లో చుట్టుకుని ఇంజిన్ ఆపేస్తుంది. అక్కడి నుంచి మొదటి పాయింటులో చెప్పిన కథ మొదలవుతుంది.

రాత్రి లంగరు వేసి వల మీద నిద్రపోయే బోట్లకి నలువైపులా కనిపించే తెల్ల లైటు ఉండాలని నిబంధన. మాలో సగం మంది సెల్‌ఫోన్ టార్చితో సరిపెడుతున్నాం. ఓడలు తిరిగే దారికి దగ్గరలో అది ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పక్కర్లేదు.

4. ఇది చిన్న బోట్ల గోల, మా బాధ మాది అనుకోవద్దు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సుమారు 40 బోట్లు తగలబడ్డాయి. బోట్లన్నీ పక్కపక్కన ఆనించి కట్టి ఉన్నాయి. మొదట అంటుకున్న బోటును కట్లు విప్పి నీళ్లలోకి వదిలేస్తే, గాలీ ప్రవాహమూ కలిసి దాన్ని మళ్లీ జెట్టీకే తెచ్చాయని అప్పుడు వార్తల్లో చదివాం. మండే బోటును లంగరుకో తాడుకో తగిలించి దూరంగా లాక్కెళ్లే పడవ ఒక్కటి సిద్ధంగా ఉండుంటే ఎన్ని బోట్లు మిగిలేవో అని మేం ఇప్పటికీ అనుకుంటుంటాం.

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణా వరదకి ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పెద్ద పడవలు విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దాయి. 67, 69, 70 గేట్లు ఎత్తి దించడానికి సాయపడే బరువులు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నాయి. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం. తర్వాత ఆ పడవల్ని గేట్ల దగ్గర నుంచి బయటికి లాగడానికి రోజుల తరబడి పట్టింది. రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుని చూసింది. ఆ పడవల మీద కేసులు, రాజకీయాలు నాకు అక్కర్లేదు. కట్టు తెగిన పడవ ఎవరి మీద పడుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు, అదొక్కటే నేను చెప్పేది. ఆ బ్యారేజీ కింద డెల్టా రైతులున్నారు.

5. ఒక చిన్న బోటు పోతే ఎవరెవరు పోతారో కూడా రాస్తాను. బోటు మీద అయిదుగురు. ఒడ్డున చేపలు గంపకెత్తుకుని ఊళ్లు తిరిగి అమ్మే ఆడవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఐసు తెచ్చే ఆటో అబ్బాయి. వల బాగుచేసే ముసలాయన. మాకు పెట్టుబడి అడ్వాన్సుగా ఇచ్చిన వ్యాపారి ఉంటాడు. బోటు మునిగినా ఆ అప్పు మునగదు. ఆ అప్పు తీరేదాకా చేప ఆయనకే అమ్మాలి, ఆయన చెప్పిన రేటుకే అమ్మాలి. మా మేనల్లుడు ఇప్పుడు ఒడ్డున వలలు విప్పుతున్నాడు, రోజుకి మూడొందలు. సంబంధం మాట్లాడుకున్నవాళ్లు వెనక్కి తగ్గారు.

తుఫాను సిగ్నల్ ఎగరేసిన రాత్రి మీరు మమ్మల్ని ఒడ్డు ఖాళీ చేయమంటారు. అది మా ప్రాణం కోసమే అని తెలుసు. కానీ రింగు మీద నమ్మకం లేని మనిషి ఇంట్లో ఎలా పడుకుంటాడు? హుద్‌హుద్ అప్పుడూ అంతే, తిత్లీ అప్పుడూ అంతే. మావాళ్లు భార్యాబిడ్డల్ని షెల్టర్‌కి పంపి, తాము చాటుగా బోట్ల దగ్గరికే పోయారు. టెన్షన్‌తో రాత్రంతా తాళ్లు పట్టుకుని కూర్చున్నారు. గట్టి గుంజలు ఉంటే ఆ మగాళ్లు కూడా షెల్టర్‌కి వస్తారు. పోలీసులు బతిమాలక్కర్లేదు.

ఇక మేం అడుగుతున్నవి. ఇవి కోరికలు కావు, మూడు అర్జీల తర్వాత వీటిని డిమాండ్లు అనే అంటున్నాం.

ఒకటి. ప్రతి చిన్న రేవులో ఇప్పుడున్న రింగులు, గుంజలు ఎన్ని, వాటిలో పనికొచ్చేవి ఎన్ని, బోట్లు ఎన్ని, లెక్క తీసి రేవు గోడ మీద రాయించండి. పాతవి మార్చండి. కొత్తవి వేసేటప్పుడు జెట్టీ గోడకి నిలువు ఇనప కమ్మీ పెట్టి, దాని మీద జారే రింగు వేయండి. పోటుకి లేస్తుంది, పాటుకి దిగుతుంది. మా పిల్లలు రాత్రిళ్లు నిద్రపోతారు. జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడ హార్బర్ల పని పెట్టుకున్నారు కదా, అక్కడ పెద్ద మరపడవలతో పాటు చిన్న బోట్లకి విడిగా కట్టుకునే చోటు చూపించండి. మరపడవ పక్కన మా ఫైబర్ బోటును కడితే ఒక్క కెరటానికి కొబ్బరిచిప్పలా నలిగిపోతుంది.

రెండు. రాయితీ మీద ఇంజిన్ ఇచ్చినప్పుడు దానితో పాటు ఒక తాళ్ల కిట్టు ఇవ్వండి. నేలకి తగిన లంగరు, రెండు బారల గొలుసు, 40 బారల నైలాన్ తాడు, లాగడానికి విడిగా ఇంకో తాడు, ఒక కత్తి, ఒక తెల్ల లైటు. ఇంజిన్ ఖరీదులో ఇది చిన్న భాగం.

మూడు. కొత్త ఫైబర్ బోటుకి రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు అణియంలో, అమరంలో తాడు కట్టే కొక్కేలు చూడండి. లోపల ప్లేటు, బోల్టులు ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూశాకే సంతకం పెట్టండి. మా వాడి కన్ను తీసింది రెండు స్క్రూలు.

నాలుగు. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, విశాఖలో కేంద్రం నడిపే మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ యూనిట్ ఉంది. అక్కడ నేర్పేవాళ్లున్నారు. మమ్మల్ని అక్కడికి రమ్మంటే కూలి పోతుంది. వాళ్లనే వేట నిషేధం రోజుల్లో రేవులకి పంపండి. క్లాసురూము వద్దు, బోటులో కూర్చోబెట్టి లంగరు వేయించండి, ఒక బోటుతో ఇంకో బోటును లాగించండి. ఒక్కో రేవుకి రెండు రోజులు చాలు.

అయిదు. దీని మీద నేను గట్టిగా పట్టుబడుతున్నాను. ఆగిపోయిన బోటును లాక్కొచ్చిన బోటుకి ఆ రోజు డీజిల్ ఖర్చు ఇవ్వండి. ఈ రోజు సముద్రంలో సాయం చేసినవాడికి దక్కేది ఏంటి? పోయిన వేట, అయిపోయిన నూనె, ఇంట్లో మాటలు. అయినా మావాళ్లు వెళ్తూనే ఉన్నారు. కానీ ఖర్చు గుర్తొచ్చి, తొందరగా ఒడ్డున పడేసి మళ్లీ వేటకెళ్దామని ఇంజిన్ గట్టిగా వదులుతారు. తాళ్లు తెగేది అప్పుడే. నూనె డబ్బు వస్తుందని తెలిస్తే నెమ్మదిగా లాగుతారు.

ఆరు. కోస్ట్‌గార్డు 1554, మెరైన్ పోలీసు 1093 నంబర్లు ప్రతి రేవులో పెద్ద అక్షరాలతో రాయించండి. మా రేవులో అడిగితే పది మందిలో ఇద్దరికి తెలుసు.

చివరగా రెండు మాటలు నా తోటి సరంగులకి, బోటు యజమానులకి. అన్నా, తమ్ముడూ, అధికారులు చేసేదాకా మన చేతుల్లో ఉన్నది మనం చేద్దాం. లంగరు ఎప్పుడూ అణియం నుంచే వేయండి. తొందరలో అమరానికి కట్టారంటే, ఇంజిన్ బరువుకి అసలే కిందికి ఉండే వెనక భాగం మీద నుంచి నీళ్లు ఎక్కుతాయి, రెండు కెరటాలు చాలు. లంగరు విసిరేయకండి, నెమ్మదిగా దించి, బోటు వెనక్కి జరుగుతుంటే తాడు వదలండి. పట్టుకుందో లేదో తెలియాలంటే ఒడ్డున తాటిచెట్టునీ దాని వెనక గుడి శిఖరాన్నీ ఒక గీతలో పెట్టుకుని చూడండి. ఆ రెండూ విడిపోతున్నాయంటే లంగరు జారుతున్నట్టే. జెట్టీకి తాడు రాసుకునే చోట పాత రబ్బరు పైపు ముక్క తొడగండి. అది పది రూపాయల పని. లాగేటప్పుడు బిగిసిన తాడుకి ఎదురుగా పిల్లల్ని నిలబెట్టొద్దు. నేను నిలబెట్టాను.

అధికారులకు మళ్లీ ఒక విన్నపం. ఇప్పుడు నిషేధం నడుస్తోంది, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. జూన్ 14 అర్ధరాత్రి దాటగానే మేం నీళ్లలో ఉంటాం, ఆ వెనకే గాలులు మొదలవుతాయి. రింగులు మార్చాలన్నా, మాకు నేర్పాలన్నా ఇదే సమయం. ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏది చేస్తారో, ఏది చేయలేరో రెండూ రాయండి. చేయలేనిదాన్ని మేమే చందాలు వేసుకుని చేసుకుంటాం, కానీ అందుకు జెట్టీని ముట్టుకోవడానికి మీ అనుమతి కావాలి.

గత ఏడాది రింగు ఊడిన చోట సిమెంటులో గుంట ఇంకా అలాగే ఉంది. పోటుకి నీళ్లు దాన్ని కప్పేస్తాయి. మీరు చూడటానికి వస్తే పాటు వేళకి రండి.

ఇట్లు,
ఒక ఫైబర్ బోటు సరంగు,
మా రేవు బోటు కుటుంబాల తరఫున